వ్యాకరణమును ధారణాశక్తియు

“మా వానికి తెలివి కలదుగాని జ్ఞాపకశక్తి లేదండీ” యని తల్లిదండ్రులు బడికి వచ్చి చెప్పుట మేము తఱచుగా వినుచున్నాము. పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట ఉపాధ్యాయులలో కొందఱును ఆ మాటనే యనుచుందురు. ఈ ముద్ర యొక్కమాఱు పడినచో ఆ బాలుడు వెనుకబల్లకు జరుగును. అతనిని ప్రశ్నలడుగువారు తగ్గుదురు. కొంతకాలమునకు తానును ఆ మాటను నమ్మి చదువునెడల ఆశ విడుచును. ఈ నిందలో పెక్కుపాళ్లు అన్యాయమని మా యభిప్రాయము. అట్టి బాలబాలికలలో అనేకులకు కొఱవడినది జ్ఞాపకము గాదు. తాము వినుచున్న భాషయొక్క కట్టు, అనగా వ్యాకరణము. వ్యాకరణమన జ్ఞాపకముపై మోపబడిన మఱియొక బరువని లోకులు తలంచుచున్నారు. అది బరువు గాదనియు, చెదరిన పుల్లలను మోపుగట్టు త్రాడువంటిదనియు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

జ్ఞాపకమనునది యొక్కటే వస్తువు గాదు. చిన్ననాటి సంగతులను ఏండ్ల తరబడి నిలుపునది యొకటి. ఇప్పుడే చెవినిబడిన మాటలను వాని పని ముగియువఱకు పట్టియుంచునది మఱియొకటి. ఈ రెండవదానినే నేటి మనశ్శాస్త్రజ్ఞులు వర్కింగ్ మెమరీ యనుచున్నారు. దీనిని మేము తక్షణధారణ యని పిలిచెదము. ఉక్తలేఖనము వ్రాయునప్పుడు చేయి వెనుకబడినను వాక్యమును నిలుపునది ఇదియే. లెక్కలోని మొదటి సంఖ్యను కడపటి మాటవఱకు మఱవకుండ మోయునదియు ఇదియే.

ఈ ధారణ మిక్కిలి యిఱుకైనది. అమెరికా శాస్త్రజ్ఞుడైన జార్జి మిల్లర్ 1956లో ప్రకటించిన ప్రసిద్ధవ్యాసమున, మనుష్యుడు ఒక్కమాఱు విని తిరిగి చెప్పగలవి సుమారు ఏడు అంశములని వ్రాసెను. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను విమర్శించి, అసలైన మితి నాలుగింటికి సమీపమున నున్నదని వాదించెను. అలన్ బ్యాడ్లీ, గ్రాహం హిచ్ అను నిరువురు 1974లో ఈ ధారణ యే భాగములతో పనిచేయునో వివరించిరి. విన్న మాటలను లోలోపల మరల మరల పలుకుకొనుచు నిలుపుకొనునది అందొక భాగము. అట్లు పలుకుకొనుటకు సందు దొరకనిచో ఆ మాటలు కొలది సెకండ్లలో చెదరిపోవును.

మిల్లర్ వ్యాసమున ముఖ్యమైనది ఏడను సంఖ్య గాదు. ఆ యేడును విడి అక్షరములు కావచ్చును, పదములు కావచ్చును, పదముల కట్టలు కావచ్చును. చేతబట్టు వాని సంఖ్య పెరుగదు. ఒక్కొక్కటి యెంత పెద్దదైనను కావచ్చును. పుల్లలుగా నేఱినవాడు గుప్పెడు పుల్లలనే తెచ్చును. మోపుగట్టినవాడు ఇంటికి వారమునకు సరిపడు వంటచెఱకు తెచ్చును. భాషయందు మోపుగట్టు త్రాడెట్టిదో చూతము.

చదువరులు ఈ క్రింది పది మాటలను ఎవరిచేతనైన ఒక్కసారి చదివించుకొని, వ్రాయక, తిరిగి చెప్పి చూడుడు: సంతకు, తన, నిన్న, గిత్తను, తోలుకొనిపోయి, ముసలి, అమ్మివచ్చెను, ఎఱ్ఱ, రైతు, మాచర్ల. పెద్దలకు సయితము నాలుగైదు మాటలకడ తడబాటు కలుగును. ఇప్పుడు వానినే యీ వరుసను వినుడు: నిన్న ముసలి రైతు తన ఎఱ్ఱ గిత్తను మాచర్ల సంతకు తోలుకొనిపోయి అమ్మివచ్చెను. దీనిని అయిదవ తరగతి పిల్లవాడు ఒక్కమాఱు విని తిరిగి చెప్పగలడు. మాటలు అవియే, సంఖ్యయు అదియే. మాఱినది వానిని కలుపు కట్టు మాత్రమే.

ఆ కట్టు చేయు పని యిట్లుండును. “ముసలి” యను విశేషణము వినినంతనే మనస్సు విశేష్యమునకై ఎదురుచూచును. “రైతు” రాగానే రెండు మాటలు ఒక్కటియగును. “గిత్తను” అనుచోట ద్వితీయావిభక్తి, దానిపై ఏదో పని జరుగనున్నదని ముందుగా తెలుపును. “సంతకు” అనుటలోని కు ప్రత్యయము పోవు దిక్కును చూపును. “తోలుకొనిపోయి” యను క్త్వార్థకము, కథ యింకను ముగియలేదు, మఱియొక క్రియ రానున్నదని చెప్పును. “అమ్మివచ్చెను” అను సమాపకక్రియతో వాక్యమునకు ముడి పడును. పది మాటలు ఇట్లు అయిదు మోపులైనవి. బాలుడు మోసినది పదింటిని గాదు, అయిదింటినే.

ఇది వ్యాకరణమహిమ గాదు, అర్థమహిమయే యని యెవరైన ననవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. దానికి 1961లో విలియం ఎప్‌స్టైన్ అను శాస్త్రజ్ఞుడు చేసిన పరీక్ష సమాధానము చెప్పుచున్నది. అతడు అర్థము లేని కల్పితపు మాటలను తీసికొని, కొన్నింటికి ఇంగ్లీషు ప్రత్యయములు తగిలించి వాక్యమువలె కూర్చెను. కొన్నింటిని ఏ ప్రత్యయమును లేక వట్టిగా విడిచెను. ప్రత్యయములు చేరిన వరుస పొడుగైనదైనను దానినే జనులు త్వరగా నేర్చుకొనిరి. తెలుగున దీనికి పోలిక చెప్పవలెనన్నచో, “దిమక, పొస, గిరట, బుడప” యనునది యొక వరుస. “దిమకుడు పొసలను గిరటతో బుడపించెను” అనునది మఱియొక వరుస. రెండింటికిని అర్థము శూన్యము. ఐనను రెండవదానియందు ఎవడో యొకడు దేనితోనో దేనినో యేమో చేసినాడని చెవికి తోచును. ఆ తోచుటయే పట్టుకొనుటకు పిడియగుచున్నది.

మఱియొక విశేషము గలదు. 1967లో జాక్వెలిన్ శాక్స్ చేసిన పరీక్షలలో, విన్న వాక్యపు రూపము స్వల్పకాలములోనే మఱుపునకు వచ్చుననియు, తాత్పర్యము మాత్రము నిలుచుననియు తేలినది. 1990లో మేరీ పాటర్, లిండా లొంబార్డి అనువారు, మనము వాక్యమును తిరిగి చెప్పునప్పుడు దానిని అచ్చువలె తీసి చూపక, తాత్పర్యమునుండి మరల కట్టుకొనుచున్నామని చూపిరి. అనగా వ్యాకరణము ఇల్లు కట్టునప్పటి పరంజావంటిది. గోడ లేచినపిదప అది ఊడదీయబడును. కాని పరంజా లేక గోడ లేవదు. వాక్యము నడుమనే కట్టు చెదరినవానికి తాత్పర్యము చిక్కదు; తాత్పర్యము చిక్కనివానికి మఱునాడు చెప్పుటకు ఏమియు మిగులదు. అప్పుడు మనము వానిని మతిమఱుపువాడందుము.

మన పూర్వులు ఈ సంగతిని మఱియొక త్రోవను గ్రహించిరి. వాక్యార్థము కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును కావలెనని శాస్త్రకారులు చెప్పిరి. ఒక పదము మఱియొక పదమును కోరుట ఆకాంక్ష. వాని అర్థములు ఒకదానికొకటి పొసగుట యోగ్యత. పదములు ఆలస్యము లేక వెంటవెంట పలుకబడుట సన్నిధి. ఇప్పుడొక పదమును, జామునకు మఱియొక పదమును పలికినచో అది వాక్యము కానేరదని వారు చెప్పుటలో తక్షణధారణకు గల మితి స్పష్టముగా గోచరించుచున్నది. పాణినీయమున అచ్చులన్నింటిని “అచ్” అను నొక్క గుఱుతుతోను, హల్లులన్నింటిని “హల్” అను నొక్క గుఱుతుతోను పట్టుటయు, ఒక సూత్రములోని పదమును తరువాతి సూత్రములకు అనువృత్తిగా తెచ్చుకొనుటయు మోపుగట్టు విద్యయే. సుమారు 4000 సూత్రములను నోటనే మోయవలసినవారు కల్పించుకొన్న ఉపాయములివి.

ఇంత దూరము పోనక్కఱలేదు. నరసరావుపేట చెంతనున్న కొప్పరము కొప్పరపు సోదరకవుల స్వగ్రామము. వేంకటసుబ్బరాయకవి, వేంకటరమణకవి యను నా యన్నదమ్ములు గతశతాబ్ది తొలిదినములలో సభలయందు ఆశువుగా పద్యములు వఱదవలె చెప్పిరని తెలుగుదేశమంతట ప్రసిద్ధి. శతావధానములును వారికి అలవాటే. అవధాని యెదుట పృచ్ఛకులు కూర్చుండి, ఒకరు సమస్యనిత్తురు, ఒకరు దత్తపదులనిత్తురు, ఒకరు అక్షరాక్షరమునకు నిషేధము చెప్పుదురు, ఒకరు నడుమ అప్రస్తుతప్రసంగము చేసి చిత్తమును చెదరగొట్టజూతురు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చొప్పున చెప్పుచు ఆవృత్తులు ముగించి, కడపట అన్ని పద్యములను వరుసగా అప్పగించును. ఆ కడపటి యప్పగింతకు మన పెద్దలు పెట్టిన పేరు ధారణ. అది మేము చెప్పుచున్న తక్షణధారణకంటె దీర్ఘమైనది. కాని దాని ఆధారమును ఇట్టిదే. అవధాని అక్షరములను వేఱువేఱుగ మోయుట లేదు. ఛందస్సు, యతి, ప్రాస, అన్వయము అనునవి కట్టిన మోపులను మోయుచున్నాడు. కర్త యెచ్చట నున్నదో, క్రియ యెచ్చట ముగియవలెనో యెఱిగినవానికి నడుమ పదము తనంతట జ్ఞప్తికి వచ్చును.

అవధానము పండితుల సొత్తని యెవరైన ననుకొందురేమో. కారెమపూడియందు పల్నాటి వీరుల యుత్సవమున రాత్రులు గడిచినను తఱుగని కథను గానముచేయు వీరవిద్యావంతులను చూడవలెను. వారి గానమును వినియే జీన్ రోఘైర్ అను పాశ్చాత్యుడు పల్నాటి వీరులకథను ఆంగ్లమునకు తెచ్చి 1982లో ప్రకటించెను. ఆ గాయకులకు కథ పంక్తులుపంక్తులుగా, ఘట్టములు ఘట్టములుగా కట్టబడియున్నది. ఈ యున్నతవిద్య మన పల్లెలలో పుట్టినదే. ఇట్టి సీమ బిడ్డలకు జ్ఞాపకశక్తి లేదనుట మాకు సమ్మతము గాదు.

అట్లయినచో బడిలో తడబాటెందుకు కలుగుచున్నది? మూడు స్థలములను చూపెదము.

మొదటిది ఇంగ్లీషు. “ది ఫార్మర్ హూ కేమ్ ఫ్రం మాచర్ల సోల్డ్ హిజ్ బుల్” అను వాక్యమును ఎనిమిదవ తరగతిలో చదివి, తిరిగి చెప్పుమన్నచో చాలమంది “కేమ్ ఫ్రం మాచర్ల” దాటి పోలేరు. కారణము స్పష్టము. తెలుగున “మాచర్లనుండి వచ్చిన రైతు” అందుము. “వచ్చిన” అనుటలోనే, ఒక నామవాచకము రానున్నదని సూచన యున్నది. ఇంగ్లీషున రైతు ముందు వచ్చును, వాని విశేషణవాక్యము వెనుక వచ్చును, అసలు క్రియ అటుపిమ్మట వచ్చును. ఈ వరుస తెలియని బాలునికి “మాచర్ల” తోడనే వాక్యము ముగిసినట్లు తోచును; “సోల్డ్” అనునది దిక్కులేని మాటయై నిలుచును. ఆ బాలుడే పది మాటల తెలుగు వాక్యమును అవలీలగా చెప్పుచున్నాడు. కావున లోపము తలలో లేదు. ఆ భాషయొక్క త్రాడు ఇంకను చేతికి రాలేదు. ఇంగ్లీషు మాధ్యమమున చదువు బాలునికి ఈ చిక్కు ఒక్క ఇంగ్లీషు గంటతో తీరదు. సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రము, గణితము అన్నియు ఆ యిఱుకు సందులోనుండియే రావలెను.

రెండవది తండాల బిడ్డల సంగతి. వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతములనుండి వచ్చు లంబాడీ బాలబాలికలకు ఇంటిభాష వేఱు. అది రాజస్థానీభాషలకు చుట్టము, తెలుగునకు గాదు. వారికి తెలుగే రెండవ భాష, ఇంగ్లీషు మూడవది. తెలుగు ప్రత్యయములు చెవికి పట్టువఱకు వారు ప్రతి మాటను పుల్లపుల్లగా మోయవలసినదే. అట్టి బిడ్డ ఒకటవ తరగతిలో మౌనముగా నుండుట మందబుద్ధికి చిహ్నము గాదు. మోయుచున్న బరువు మనకంటె నెక్కువని తెలిసికొనవలెను.

మూడవది, తెలుగు బిడ్డలకును పుస్తకపు తెలుగు సగము పరాయిదియే. పద్యమున కర్త యొకచోట, క్రియ యొకచోట నుండును. సమాసములు నాలుగైదు పదములను ఒక్క ముద్దగా చేయును. గణితమున గూడ ఇట్టి చిక్కే గలదు. “ఒక రైతు 3 ఎకరములలో ఎకరమునకు 20 క్వింటాళ్ల చొప్పున మిరప పండించి, క్వింటాలు 10,000 రూపాయలకు అమ్మగా, ఖర్చులు 2,50,000 రూపాయలు పోగా మిగిలినదెంత?” అను లెక్కను తీసికొందము. “చొప్పున” అను మాట మూడును ఇరువదియును గుణింపవలెనని చెప్పుచున్నది. “పోగా” యనునది తీసివేయుమని చెప్పుచున్నది. ఈ చిన్నమాటల పని తెలిసినవానికి లెక్క మూడు మెట్లు: 60 క్వింటాళ్లు, 6,00,000 రూపాయలు, మిగులు 3,50,000. తెలియనివానికి అది విడివిడి అంకెల గుట్ట. కడపటి అంకె వచ్చునప్పటికి మొదటిది జాఱిపోవును. మనము వానికి లెక్కలు రావందుము.

వ్యాకరణము నేర్పుమనుటకు ఒక గట్టి ఆక్షేపణ గలదు. దానిని దాటిపోవుట న్యాయము గాదు. మూడేండ్ల బిడ్డ విభక్తియను పేరు వినకయే విభక్తులను వాడుచున్నది, సూత్రములు నేర్పనేల? అదియును గాక, ఇంగ్లండున రిచర్డ్ ఆండ్రూస్ ప్రభృతులు అనేక పరిశోధనలను పరిశీలించి, వాక్యనిర్మాణసూత్రములను బోధించుటచే బాలుర రచన మెఱుగుపడుననుటకు నిదర్శనములు స్వల్పమని 2006లో ప్రకటించిరి. ఇది సత్యము, మేమును ఒప్పుకొందుము. లక్షణములను వల్లెవేయించి, ‘షష్ఠీతత్పురుషమునకు ఉదాహరణము వ్రాయుము’ అని రెండు మార్కులకు అడుగు వ్యాకరణము ధారణకు త్రాడు గాదు. అది నిజముగా మఱియొక బరువే. కాని ఆ పరిశోధకులే చిన్నవాక్యములను కలిపి పెద్దవాక్యము చేయించు అభ్యాసమువలన మేలు కలుగుచున్నదని గుర్తించిరి. మేము కోరునది ఆ వ్యాకరణమునే. పేరు తెలియుట వేఱు, పని తెలియుట వేఱు. ఇంటిభాషయందు పని ఉగ్గుపాలతో వచ్చును. పరభాషయందును పుస్తకభాషయందును ఎవరో యొకరు నేర్పవలెను. వ్యాకరణపు గంటను తీసివేయుటవలన ఇంట చదువున్న పిల్లలకు నష్టము స్వల్పము. ఇంట పుస్తకము లేని కూలివాని బిడ్డకే నష్టము మిక్కుటము.

కావున తోడి ఉపాధ్యాయులకు మేము విన్నవించుకొను సంగతులు కొన్ని గలవు. ఉక్తలేఖనము చెప్పునప్పుడు మూడేసి మాటలని లెక్కించి తెగగొట్టవలదు. “ముసలి రైతు తన” అని నిలిపినచో “తన” యను మాట గాలిలో వ్రేలాడును. “ముసలి రైతు” అని యొకమాఱు, “తన ఎఱ్ఱ గిత్తను” అని యొకమాఱు, అతుకులకడనే నిలుపవలెను. ప్రతిదినము అయిదు నిమిషములు వాక్యమును పెంచు ఆట ఆడింపవలెను. “రైతు వచ్చెను” అని యొకడనును. రెండవవాడు ఒక విశేషణము చేర్చును. మూడవవాడు “ఎక్కడినుండి” యనుదానికి జవాబు చేర్చును. ఎనిమిదవవానివఱకు పోయినను వాక్యము తెగకుండుట చూచి పిల్లలే ఆశ్చర్యపడుదురు. పద్యమును కంఠస్థము చేయించుటకు ముందు పదవిభాగము, అన్వయము చేయించి, ఎవరు, ఏమి, ఎవరిని, ఎందుకు అను ప్రశ్నలకు జవాబు రాబట్టవలెను. ఆదివారపు బడిలో కీర్తనను అప్పగించు బిడ్డకును ఈ మేలు కావలెను. క్రియ యెవరిదో తెలియక చెప్పిన వాక్యము పెదవులమీదనే యుండును. ఇంగ్లీషు పాఠమున వాక్యముయొక్క అసలు క్రియను వెదకి క్రింద గీత గీయించుట మొదటి పని కావలెను. ఇంటిభాష వేఱైన పిల్లలకు తెలుగు వాక్యము ప్రక్కన వారి భాషలోని వాక్యమును వారిచేతనే చెప్పించి, ఎక్కడ ఏ ప్రత్యయము వచ్చెనో పోల్చి చూపుట మంచిది.

ఒక్క హెచ్చరికయు అవసరము. ఈ యభ్యాసములన్నియు చేయించినను ఇంటిభాషలోనే చిన్నవాక్యమును తిరిగి చెప్పలేని బిడ్డ యొకడు ఉండవచ్చును. వాక్యమును విని తిరిగి చెప్పించుట భాషాభివృద్ధిలోని లోపమును కనిపెట్టుటకు మంచి సాధనమని ఇంగ్లండున గినా కాంటి-రామ్స్‌డెన్ ప్రభృతులు 2001లో తెలిపిరి. అట్టి బిడ్డను నిందింపక, ముందుగా వినికిడి పరీక్ష చేయించి, తెలిసిన వైద్యునికి చూపుమని తల్లిదండ్రులకు చెప్పవలెను. వ్యాకరణము సర్వరోగనివారిణి యని మేము చెప్పుట లేదు.

తల్లిదండ్రులకు ఒక్కమాట. మీ బిడ్డకు జ్ఞాపకములేదని నలుగురిలో చెప్పకుడు. రాత్రి భోజనమైన తరువాత ఆనాటి పాఠములోని ఒక్క వాక్యమును చెప్పించుకొని, “ఎవరు? ఏమి చేసిరి? ఎందుకు?” అని యడుగుడు. చదువురాని తల్లియు ఈ ప్రశ్నలను అడుగగలదు. విద్యార్థులారా, వ్యాకరణపు గంట రాగానే విసుగుకొనకుడు. మీరు పుస్తకములోని ప్రతి మాటను విడిగా మోయుచున్నంతకాలము చదువు బరువుగానే యుండును. ఆ మాటలు ఒకదానినొకటి యెట్లు పట్టుకొనియున్నవో కనుగొనుట నేర్చుకొన్ననాడు, ఇన్నాళ్లు మీకు లేదనుకొన్న జ్ఞాపకశక్తి మీకు కలదని మీరే తెలిసికొందురు. మా పాఠశాల బాలబాలికలందఱు ఈ సంవత్సరమున ఆ యనుభవమును పొందుదురుగాక యని కోరుచున్నాము.